హారన్ లేనిదే కదలరు

సరిగ్గా ఏడున్నరకి గేటు ముందు కారులో కూర్చుని మాస్టారు హారన్ నొక్కారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అరచేత్తో ఒత్తి చూశారు. ఊహూఁ.

ఆయన లెక్కల మాస్టారు. ముప్ఫై ఏళ్ళుగా బళ్ళో లెక్కలూ, ఇంట్లో నియమాలూ చెబుతున్న మనిషి. హారన్ లేని కారు రోడ్డెక్కకూడదన్నది ఆ నియమాల్లో ఒకటి. పోయినేడు వైపర్లు లేకుండా జోరువానలో వెళ్ళొచ్చారు గానీ, హారన్ దగ్గర మాత్రం రాజీ లేదు.

ఇవాళ చూస్తే మధ్యాహ్నం భోజనాల వేళకి అక్కగారింట్లో ఉండాలి. మూడు గంటల ప్రయాణం, వారం రోజుల మకాం. అక్కగారు ఫోన్ చేసి "వస్తారా" అని అడగలేదు. "పన్నెండింటికి వడ్డిస్తా" అని పెట్టేసింది. క్లాసులో పులి లాంటి మాస్టారు ఆవిడ ముందు పిల్లి. అక్క మాట కాదన్న పాపాన ఇంతవరకూ పోలేదు.

అక్కగారి పద్ధతులే వేరు. తెల్లవారుజామున ఐదింటికల్లా మరదలు వంటింట్లో కనబడకపోతే గుమ్మంలో నిలబడి దగ్గుతుంది. పోయినసారి మరదలు మడతపెట్టిన దుప్పట్లన్నీ విప్పించి, మూలలు కలవలేదని మళ్ళీ మడత పెట్టించింది. మాస్టారికి మాత్రం ఆ వారమంతా మంచం దగ్గరికే టీ.

అయినా ఈసారి ఆయన భార్య పల్లెత్తు మాట అనలేదు. ముందురోజే పెట్టెలు సర్దేసింది.

"ఏమైందండీ?" అంటూ వచ్చిందావిడ.

"హారన్ పోయింది."

"అయ్యో. వదినగారు ఎదురుచూస్తుంటారే."

మాస్టారు చొక్కా చేతులు పైకి మడిచి బానెట్ ఎత్తారు. లెక్క తెగాలంటే మెట్టుమెట్టుగా వెళ్ళాలి. ముందు ఫ్యూజుల పెట్టె తెరిచారు. హారన్ ఫ్యూజు మాడిపోయి ఉంది. దొరికాడు దొంగ అనుకుని కొత్తది బిగించారు. స్టీరింగు వైపు చెయ్యి చాచారో లేదో, భార్య అడ్డం పడింది.

"ఆ జిడ్డు చేతుల్తోనా? నిన్ననే ఉతికి వేశాను కవర్లు. మీరక్కడే ఉండండి, నేను నొక్కుతాను."

సబబుగానే తోచింది. ఆవిడ డ్రైవర్ సీట్లో కూర్చుంది. మాస్టారు ముందుకెళ్ళి చెవి ఒగ్గారు.

"నొక్కు."

"నొక్కానండీ."

మోగలేదు.

రెండో మెట్టు రిలే. బొత్తాం నొక్కినప్పుడు ఆ చిన్న డబ్బా టిక్కుమనాలి. మాస్టారు దాని మీద వేలు పెట్టి, ఊపిరి బిగపట్టి విన్నారు. టిక్కూ లేదు, టక్కూ లేదు. లైట్ల రిలే పీకి ఇక్కడ పెట్టారు.

"ఇప్పుడు నొక్కు."

"నొక్కుతూనే ఉన్నానండీ."

"గట్టిగా నొక్కవోయ్."

"వేలు నొప్పెడుతోంది. ఇంతకంటే గట్టిగా నా వల్ల కాదు," అంది బానెట్ అవతల నుంచి.

మూడో మెట్టుగా, రెండు వైర్లు తీసుకుని బ్యాటరీ నుంచి సూటిగా హారన్‌కే కలిపారు. వీధి అదిరిపోయేలా మోగింది. ఎదురింటాయన పేపరు కింద పడేసుకున్నాడు. అంటే హారన్ నిక్షేపంలా ఉంది. దానికి అందాల్సిన కరెంటే అందడం లేదు.

పది దాటింది. మాస్టారి ముక్కు మీద గ్రీజు, మనసులో అక్కగారు. ఇక లాభం లేదని తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేసి, చేసినవన్నీ వరసగా ఏకరువు పెట్టారు.

"అన్నీ పద్ధతిగా చూశారు సార్," అన్నాడు మెకానిక్. "మేడంగారు నొక్కుతుంటే రిలే టిక్కు కూడా అనడం లేదా?"

"లేదయ్యా. ఆవిడ పొద్దుటినుంచి నొక్కుతూనే ఉంది, పాపం."

"అయితే అనుమానమే లేదు. తప్పు స్టీరింగు దగ్గరే ఉంది. లోపలి స్విచ్చు మార్చాలి. మీది పాత మోడలు కదా, పార్టు తెప్పించాలి. వారం పడుతుంది."

మాస్టారికి నీరసం వచ్చేసింది. అక్కగారికి ఫోన్ కలిపారు.

"హారన్ లేకపోతే బస్సు లేదట్రా?" అంది అక్కగారు.

"బస్సెక్కితే నాకు కడుపులో తిప్పుతుంది కదక్కా. సెలవుల చివర్లో వస్తాంలే."

"అక్కర్లేదు. అప్పటికి నేను ఊళ్ళో ఉండను. వచ్చే ఏడు చూద్దాంలే."

ఠక్కున పెట్టేసింది. మాస్టారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. జీవితంలో మొదటిసారి అక్క మాట జవదాటారు. తలెత్తి చూస్తే కొత్త చెప్పులు వేసుకుని, నీటుగా తల దువ్వుకుని, సీట్లో బుద్ధిగా కూర్చున్న భార్య. ఆయన మనసు చివుక్కుమంది.

"వెళ్ళడం లేదోయ్," అన్నారు నెమ్మదిగా. "ఎంత సరదాగా తయారయ్యావో. నీకు చాలా కష్టంగా ఉండుంటుంది."

"ఏం చేస్తాం, మన ప్రాప్తం అంతే," అని ఆవిడ నిట్టూర్చింది. "మీరు ముందు ఆ చేతులు కడుక్కోండి."

పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఇంత అర్థం చేసుకునే భార్య అయిందే అని మాస్టారు లోలోపల పొంగిపోయారు. సబ్బు తీసుకుని కుళాయి దగ్గరికి నడిచారు.

ఆయన అటు తిరగ్గానే, పొద్దుటినుంచీ హారన్ మీద ఒక్కసారి కూడా ఆనించని బొటనవేలి మెటిక విరుచుకుని, ఆవిడ తీరిగ్గా కారు దిగింది.