డెబోరా పేరు మీద

"పేరు చెప్పమ్మా" అంది నర్సు, చేతిలో ఫైలు తెరిచి.

"సా..." అని సాయమ్మ నోరు తెరిచిందో లేదో, పక్కనున్న మొగుడు సత్యరాజు గట్టిగా దగ్గాడు.

"డెబోరా" అంది సాయమ్మ.

నర్సు రాసుకుని వెళ్ళిపోయింది. సత్యరాజు మొహాన పట్టిన చెమట తుడుచుకున్నాడు.

"పొద్దుగాల్నుంచి వందసార్లు చెప్పిన. నీ నోట్లె గా పేరు నిలుస్తలేదు."

"ముప్పై తొమ్మిదేండ్ల సంది సాయమ్మనే గదా. ఒక్కపూటల ఎట్ల మారుత?"

డెబోరా ఆమె చెల్లెలు. జిన్నారం దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పదో తరగతి పాసైన వాళ్ళే కావాలంటే, సాయమ్మ చెల్లెలి సర్టిఫికెట్టూ చెల్లెలి ఆధారూ పట్టుకుపోయి చేరింది. అక్కడ అక్క పేరు మీద చెల్లెలు, వదిన పేరు మీద మరదలు పనిచేయడం కొత్తేమీ కాదు. కాంట్రాక్టరుకు మనుషులు కావాలి, మనుషులకు పని కావాలి, ఎవరూ తరచి అడగరు. ఎనిమిదేళ్ళుగా గేటు లోపల సాయమ్మ డెబోరానే, గేటు దాటితే మళ్ళీ సాయమ్మే. జీతంలో నెలనెలా కోత పెట్టి ఇచ్చిన వైద్యం కార్డు కూడా డెబోరా పేరు మీదే ఉంది.

పదకొండేళ్ళుగా పీక్కుతింటున్న జబ్బు మాత్రం సొంతంగా సాయమ్మదే. గర్భసంచి గోడ వాచిపోయి నెలలో పదిరోజులు నెత్తురు, మిగతా ఇరవై రోజులు ఆ పదిరోజుల భయం. నొప్పి గోలీలు డబ్బాల్లో సర్దుతూ సర్దుతూ నొప్పితో రెండుగా వంగిపోయేది. సంచి తీసెయ్యాల్సిందేనని సంగారెడ్డిలో ప్రైవేటు డాక్టరమ్మ లక్షా అరవై వేలు చెప్పింది. సత్యరాజు ఆటో అమ్మినా అందులో సగం రాదు. ఈ కార్డు దవాఖానలో అయితే పైసా ఖర్చు లేదు, పేరు ఒక్కటి సరిగ్గా చెబితే చాలు.

"మత్తు దిగేటప్పుడు మళ్ళ పేరడుగుతరట" అంది సాయమ్మ మెల్లగా. "అప్పుడు నోరుజారితే ఎట్ల?"

"ఎట్లేముంది. కార్డు పోతది, నౌకరి పోతది, లక్షా అరవై వేలు మన నెత్తిన పడ్తయి." అన్నాక పెళ్ళాం మొహం చూసి సత్యరాజు మనసు చివుక్కుమంది. దగ్గరికి జరిగి చేయి పట్టుకున్నాడు. "ఏం గాదు. పరేషాన్ గాకు... డెబోరా."

మరదలి పేరుతో పెళ్ళాన్ని పిలవాల్సి వచ్చేసరికి పాపం మనిషికి సిగ్గేసింది. సాయమ్మకు ఆ బాధలోనూ నవ్వొచ్చింది.

లోపల పెద్ద దీపాలు. మత్తు డాక్టరు అంకెలు లెక్కపెట్టమన్నాడు. ఆరు దాకా వచ్చాక ఏడు ఎక్కడో జారిపోయింది. దీపాలు ఒక్కొక్కటే పగిలి పత్తికాయలయ్యాయి.

పుట్టిన ఊరు కొండాపూర్ అవతలి చేను. మోకాళ్ళెత్తున తెల్లగా పత్తి. సాయమ్మ అందులో నడుస్తోంది. నడుముకు చేయి ఆనించుకోకుండా నడిచి ఎన్నేళ్ళయిందో. గాలి చల్లగా తగులుతోంది, కాళ్ళు నేల మీద ఉన్నాయో లేదో తెలియడం లేదు, ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. ఇలాగే సాయంత్రం దాకా నడవాలనిపించింది.

గట్టు మీద అమ్మ నిలబడి ఉంది. పోయి పన్నెండేళ్ళయినా అదే నీలం చీర.

"సాయమ్మా" అని పిలిచింది.

ఆ గొంతు వినడానికి సాయమ్మ ఎన్ని రాత్రులు ఎదురుచూసిందని. పరుగెత్తుకెళ్ళి పలకాలనిపించింది. పలికితే లక్షా అరవై వేలు.

"ఏందే, పలుకవేంది? నీ కోసమే గింత దూరం నడిచొచ్చిన."

సాయమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి పత్తి రాలుతోంది. ఏడుపు ఆగలేదు.

"నేను సాయమ్మను కాదమ్మా" అంది చివరికి. "డెబోరాను."

"అట్లనా. మరి నా పెద్దబిడ్డ ఏడబోయింది?" అనుకుంటూ అమ్మ గట్టు దిగి, తెల్లటి చేనులో అలాగే వెళ్ళిపోయింది.

"అమ్మా, కండ్లు తెరువు. పేరు చెప్పు." చెంప మీద ఎవరో తడుతున్నారు. "నీ పేరేంది?"

"డెబోరా" అంది సాయమ్మ, కళ్ళు తెరవకుండానే.

"మంచిగనే ఉంది. వార్డుకు తీస్కపోండ్రి" అన్నారెవరో.

మర్నాడు సాయంత్రం ఇంద్రేశం నుంచి అసలు డెబోరా వచ్చింది, ఫ్లాస్కులో పాలు, బ్రెడ్డు పట్టుకుని. సత్యరాజు చాయ్ తాగడానికి కిందికి దిగాడు. నొప్పి సూదులతో సాయమ్మ ఇంకా సగం మత్తులోనే ఉంది. కుట్లు లాగుతున్నా మనసు మాత్రం దూదిలా తేలిపోతోంది.

"గట్టెక్కినమే" అని చెల్లెలి చేయి అందుకుంది. "కలల అమ్మ పిలిచినా పలుకలే. నీ పేరే చెప్పిన."

డెబోరా నవ్వలేదు. మంచం కోడుకు వేలాడుతున్న కాగితం మీద తన పేరు, దాని కింద ఆపరేషన్ వివరం పదేపదే చదువుతోంది. కళ్ళనిండా నీళ్ళు.

"ఏమైందే? మీ ఆయనేమన్న అన్నడా?"

"లేదక్కా. పొద్దుగాల టెస్ట్ చేయించుకున్న. పెండ్లయిన ఏడేండ్లకు నెల తప్పింది."

సాయమ్మకు లేచి కూర్చోవాలనిపించింది. లేవలేక పడుకునే చెల్లెలి తల నిమిరింది.

"దేవునికి స్తోత్రం. ఇంత సంతోషం పెట్టుకొని ఏడుస్తవేంది పిచ్చిదానా?"

"నా ఆధార్ మీద నిన్ననే గర్భసంచి తీసేసిన్రు గదక్కా" అంది డెబోరా. "ఇగ ఈ బిడ్డను నేను ఏ పేరు మీద కనాలె?"