గూట్లో ఎర్రచేప

"ఐదింటిలోగా దొంగెవరో తేల్చు. తేల్చలేకపోతే నువ్వేనని ఒప్పుకుని సంతకం పెట్టి వెళ్ళు."

చేపల చెరువు యజమాని అన్న ఆ మాటల్ని కాపలాదారు ఇంటికొచ్చి, ఉన్నవి ఉన్నట్టు కూతురికి అప్పజెప్పాడు. మంచినీళ్ళిస్తే ముట్టలేదు. గుమ్మంలోనే కూలబడ్డాడు. విత్తనం కోసం విడిగా చిన్న చెరువులో పెంచుతున్న ఎర్రచేపలు పట్టపగలే మాయమవుతున్నాయి. చుట్టుపక్కల మరెవరి దగ్గరా లేని రకం అది. కంచె తెగలేదు, గేటు తాళం చెదరలేదు. పగలంతా లోపల ఉండేది కాపలాదారు ఒక్కడే. ఇంక అనుమానం ఎవరి మీదికి పోతుంది?

"నాన్నా, ఒకసారి ఇలా రా," అంది కూతురు.

ఆమె ముందు లాప్‌టాప్ తెరిచి ఉంది. డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టడం, లాప్‌టాప్‌లో ఒక గద్దగూడు చూడడం, రెండు నెలలుగా ఆమెకు ఈ రెండే పనులు. నది ఒడ్డున వాడకం మానేసిన సెల్ టవర్ మీద చేపలగద్దల జంట ఒకటి గూడు కట్టుకుంది. పక్షులంటే ఇష్టపడేవాళ్ళెవరో అక్కడ కెమెరా బిగించి, గూట్లో జరిగేదంతా అప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో కనిపించేట్టు చేశారు. మగగద్ద చేపలు పట్టి తెస్తుంది. ఆడగద్ద వాటిని చీల్చి మూడు పిల్లలకూ తినిపిస్తుంది. మొన్న తెచ్చిన చేప తోక ఎందుకో ఎర్రగా తోచింది. ఎండ పడి అలా కనిపించిందేమోనని అప్పుడామె పట్టించుకోలేదు.

ఆ సంగతి చెప్పగానే తండ్రి చివాలున లేచి వచ్చాడు. మొన్నటిది ఇప్పుడు చూపించమన్నాడు. కుదరదంది. ఆ కెమెరా జరుగుతున్నది చూపిస్తుందే గాని జరిగిపోయింది దాచి ఉంచదు. గద్ద మళ్ళీ తెస్తేనే రుజువు.

గోడగడియారం రెండున్నర చూపిస్తోంది. ఇద్దరూ తెరకు కళ్ళప్పగించి కూర్చున్నారు.

మూడింటికి మగగద్ద వాలింది. కాళ్ళ మధ్య చేప ఉంది. తెల్లది. తండ్రి మొహం వాడిపోయింది. అయినా చూపు తిప్పుకోలేదు.

"దాని తల ఏదమ్మా?"

"తల తను తినేసి, మిగతాది పిల్లలకు తెస్తాడు నాన్నా."

"మీ అమ్మయితే గుమ్మం తొక్కనిచ్చేది కాదు."

ఆ పూటకు ఆయన నవ్వింది ఆ ఒక్కసారే.

మూడున్నర దాటాక బొమ్మ ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. తెర మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలెట్టింది. కూతురు లాప్‌టాప్‌ను రెండు చేతులా ఎత్తి పట్టుకుని కిటికీ దగ్గరికి, అక్కణ్ణుంచి పెరటి గోడ మీదికి మార్చింది. మళ్ళీ బొమ్మ కదిలేసరికి నాలుగైంది. గూట్లో పెద్ద పిల్లలు రెండూ చివరి ముక్క కోసం కొట్టుకుంటున్నాయి. మూడోది నోరు తెరిచి ఊరికే ఎదురుచూస్తోంది.

"ఆ చిన్నదానికి కూడా కాస్త పెట్టవే తల్లీ," అన్నాడు తండ్రి, ఆడగద్ద ఎదురుగా ఉన్నట్టే. తరువాత గడియారం గుర్తొచ్చి తల దించుకున్నాడు. పోనీ వెళ్ళి సంతకం పెట్టేస్తానన్నాడు. ఈ వయసులో తనవల్ల వాదనలు కావన్నాడు.

"దొంగనని నువ్వే రాసిచ్చాక, రేపు నిన్ను ఏ గేటు దగ్గర నిలబెడతారు నాన్నా?"

ఆయన మళ్ళీ తెర ముందుకు జరిగి కూర్చున్నాడు.

నాలుగూ ఇరవైకి తెర మీద నీడ పడింది. రెక్కలు ముడుచుకుంటూ మగగద్ద దిగింది. అంతలోనే ఆడగద్ద అడ్డంగా వచ్చి, తెచ్చినదాన్ని లాక్కుని దాని మీద కూర్చుంది. కూతురు వేలు మీట మీదే ఉంది. జరుగు, కొంచెం జరుగు అని గొణుగుతోంది. ఆడగద్ద ఒక్క అడుగు పక్కకు వేసింది. పుల్లల మధ్య, కుంకుమ పూసినట్టు ఎర్రచేప.

వరసగా అయిదు ఫోటోలు పట్టింది. ప్రతిదాని మూలలో తేదీ, టైము పడ్డాయి.

ఐదింటికి రెండు నిమిషాలుందనగా ఇద్దరూ యజమాని గదిలో ఉన్నారు. ఆయన ఫోటోను పెద్దది చేసి పొలుసులు చూశాడు, రెక్కలు చూశాడు. తన చేపేనని చివరికి ఒప్పుకున్నాడు. స్వయంగా కుర్చీ లాగి కాపలాదారును కూర్చోబెట్టాడు.

"పన్నెండేళ్ళుగా నా దగ్గరున్న మనిషిని ఒక్క పూటలో దొంగను చేశాను. మనసులో పెట్టుకోకు."

కూతురి కళ్ళు చెమర్చాయి. గద్ద ఎటునుంచి వస్తుంది, ఏ వేళకు వస్తుంది, రెండూ వస్తాయా అని యజమాని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. ఆమె పరీక్షలో జవాబు చెప్పినట్టు ఒక్కటీ వదలకుండా చెప్పింది. టవర్ వైపునుంచి వస్తుందంది. పొద్దున్న ఏడింటికోసారి, నాలుగింటికి మరోసారి తప్పకుండా వేటకు బయల్దేరుతుందంది.

"తండ్రిపక్షి ఒక్కటే వస్తుందండీ. అది తేకపోతే ఆ పిల్లలకు తిండి లేదు."

చదువుకున్న పిల్ల ఎంత వివరంగా చెప్పిందోనని యజమాని మెచ్చుకున్నాడు. కాపలాదారు పొద్దుట్నుంచి వంగిన నడుం నిటారుగా చేసి కూతురి వైపు చూశాడు.

యజమాని లేచి, బీరువా తెరిచి, పొడుగాటి తుపాకి తీసి కాపలాదారు ఒళ్ళో పెట్టాడు.

"రేపు ఏడింటికి ముందే వచ్చెయ్. కెమెరా ఉన్నది గూటి దగ్గర కదా, మన చెరువు దగ్గర లేదుగా."