అయిదు రోజుల పాఠం

మేడమీద టీ సిద్ధంగా ఉందన్నా, శిక్షణ సంగతి మాట్లాడడానికి వచ్చిన ఆ పెద్దాయన కదల్లేదు. ఇత్తడిని అచ్చులో నొక్కే, ఇప్పుడు ఆగిపోయి ఉన్న ప్రెస్సు యంత్రం ముందు నిలబడిపోయాడు.

ఇత్తడి కుళాయిలు చేసే ఆ ఫ్యాక్టరీలో కిందటి నెల ఆహుంగ్ అనే కుర్ర కార్మికుడు దాని కిందే నలిగి చనిపోయాడు. ఇప్పుడు దానికి ఎర్రగుడ్డ కట్టి ఉంది. ఎలక్ట్రీషియన్ కన్నా ముందు పూజారి వచ్చి వెళ్ళాడు.

ప్రమాదాలను విచారించే విద్యలో ఇద్దరు ఉద్యోగులకు శిక్షణ ఇప్పించాలి. ఆ ఇద్దరూ ఏది తేలిస్తే ఆహుంగ్ చావుకు అదే కారణమని నిలిచిపోతుంది. ఏ శిక్షణ తీసుకోవాలో ఆ సాయంత్రానికల్లా నిర్ణయించవలసినది భద్రతాధికారిణి యున్‌షాన్.

“మాస్టారూ, టీ చల్లారిపోతోంది,” అంది ఆమె.

“వస్తానమ్మా. ఈ రెండు బొత్తాలూ ఒకేసారి నొక్కితేనే కదా ప్రెస్సు దిగేది?”

“అవునండీ. రెండు చేతులూ బయటే ఉంటాయని అలా పెట్టారు.”

“మరి ఈ బొత్తం చుట్టూ గీతలేమిటి?”

“ఆహుంగ్ వెదురుపుల్ల దోపి దాన్ని నొక్కి ఉంచేవాడు. ఒక చెయ్యి ఖాళీ అవుతుందని. ముక్క సర్దబోయి లోపలికి వంగాడు, మోచెయ్యి రెండోదానికి తగిలింది. తప్పు వాడిదే, పాపం.”

పెద్దాయన పక్క ప్రెస్సు వంక చూశాడు. దాని బొత్తం చుట్టూ కూడా అవే గీతలు.

వక్క నములుతూ యజమాని వచ్చాడు.

“ఇంకో షీ గారా! మన లూకాంగ్ ఊళ్ళో రాయి విసిరితే షీ ఇంటిపేరువాడికే తగులుతుంది. మా దగ్గరే డజనుమంది! సరే, మీ పాఠం ఎన్నాళ్ళు?”

“అయిదు రోజులు. తరగతిలో ఒక్కరోజే. మిగతాది ఇక్కడే, యంత్రాల మధ్య.”

“అయిదు రోజులా! తైచుంగ్ నగరంలో శిక్షణ ఇచ్చేవాళ్ళు ఒక్కరోజులో నేర్పేసి సాయంత్రానికి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. మధ్యాహ్నం భోజనం కూడా వాళ్ళదే. మీరేం పెడతారు?”

“భోజనం పెట్టలేను. ఒక ప్రశ్న నేర్పుతాను.”

“ఏమిటో ఆ ప్రశ్న?”

“పుల్ల ఎవరు దోపారని అందరూ అడుగుతారు. పుల్ల తీసేస్తే మీరు చెప్పిన పని సాయంత్రానికి పూర్తవుతుందా అని మేం అడుగుతాం.”

చుట్టూ ఉన్న కార్మికులు తలలు దించుకున్నారు. మేస్త్రీకి ఉన్నట్టుండి ఎక్కడో నూనె వేయవలసిన పని గుర్తొచ్చింది.

యజమాని నమలడం ఆపాడు.

“మాస్టారూ, ఇది దయ్యాల నెల. చచ్చినవాళ్ళు మన మధ్యే తిరుగుతుంటారు. ఇలాంటి మాటలు పైకి అనకూడదు.”

“నిజంగా తిరుగుతుంటే మంచిదే. సాక్ష్యం అడగవచ్చు,” అన్నాడు పెద్దాయన. నవ్వలేదు.

“యున్‌షాన్! ఈయన పాఠం చెప్పడానికొచ్చాడా, నన్ను పట్టుకుపోవడానికొచ్చాడా?” అంటూ యజమాని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆమె పెద్దాయన వెంట గేటు దాకా నడిచింది.

“మీ గురించి కాస్త చెప్పండి మాస్టారూ. ఎన్నేళ్ళుగా చెప్తున్నారు, ఎక్కడెక్కడ చెప్పారు... ఆయన్ని ఒప్పించడానికి పనికొస్తుంది.”

“నా సంగతి వద్దమ్మా. పాఠం సరైనదనిపిస్తే తీసుకోండి. నన్ను చూసి తీసుకోకండి.”

పాఠం సరైనదేనని ఆమెకు అనిపించింది. కానీ యజమానితో అయిదు రోజుల కోసం వాదించడం కన్నా ఒక్కరోజు పాఠానికి సంతకం పెట్టడం తేలిక.

తైచుంగ్ వెళ్ళిన ఇద్దరూ సర్టిఫికెట్లతో తిరిగొచ్చారు. వారం తిరగకముందే కారణం తేల్చారు: కార్మికుని అజాగ్రత్త.

ఎర్రగుడ్డ విప్పారు. ప్రెస్సు మళ్ళీ నడిచింది.

కొత్త సంవత్సరం సెలవులకు ముందు, ఆర్డర్ల ఒత్తిడిలో, పక్క ప్రెస్సు మీద పనిచేసే మెయ్‌జూ కుడిచేతి వేళ్ళు పోగొట్టుకుంది. ఆ బొత్తంలోనూ వెదురుపుల్ల దొరికింది.

ఆమె కూడా అజాగ్రత్తగా ఉందనడానికి ఈసారి ఎవరికీ నోరు రాలేదు.

“ఆ షీ మాస్టారిని పిలిపించు,” అన్నాడు యజమాని, నేల చూపులు చూస్తూ. “అయిదు కాదు, పది రోజులైనా సరే.”

యున్‌షాన్ స్వయంగా మాస్టారు పాఠాలు చెప్పే శిక్షణ కేంద్రానికి వెళ్ళింది. అక్కడ ఒక నడివయసు ఉపాధ్యాయిని బోర్డు తుడుస్తోంది.

“ఆయన మానేశారమ్మా. చలి మొదలవకముందే.”

“ఒంట్లో బాగాలేదా?”

“ఒళ్ళు బాగానే ఉంది. మీ ఫ్యాక్టరీవాళ్ళు తేల్చిన మాట ఇంటికి చేరిన రోజునుంచి సుద్దముక్క ముట్టలేదు.”

“మేం తేల్చినది ఆయనింటికి ఎందుకు చేరుతుంది?”

తుడుస్తున్న చెయ్యి ఆగింది.

“నువ్వు ఆహుంగ్ అంత్యక్రియలకు వెళ్ళలేదా?”

“వెళ్ళాను. వాడి అన్నకు, చెల్లెలికి, అందరికీ తలవంచి దండం పెట్టాను. మాస్టారు అక్కడ లేరే!”

“ఎలా ఉంటారు? చిన్నవాళ్ళ శవపేటిక వెంట పెద్దవాళ్ళు నడవకూడదంటాం కదా మనం,” అంది ఆమె నెమ్మదిగా. “ఇలాంటివేవీ నమ్మని మనిషి, అయినా ఆహుంగ్‌ను తీసుకెళ్తున్నంతసేపూ, భార్య మాట కాదనలేక, కన్నతండ్రి లోపలి గదిలో తలుపేసుకుని కూర్చున్నారు.”