సామ్యేలుకు వచ్చిన వరం

అందరి ప్రార్థనా ఒక్కసారిగా ఆగిపోయింది. సామ్యేలు గొంతు మాత్రం ఆగలేదు.

కళ్లు మూసుకుని, చేతులు పైకెత్తి అతను పాడుతూనే ఉన్నాడు. నాచారంలో బుచ్చిరాములు ఇంటి ముందుగదిలో, చాపల మీద మోకరించినవాళ్లంతా తలలు తిప్పి చూశారు. అతని నోట్లోంచి వస్తున్నది తెలుగు కాదు, ఉర్దూ కాదు, ఇంగ్లీషు అసలే కాదు.

“అన్య భాష!” అతని భార్య గ్రేసీ అరిచింది. “ప్రభువా, స్తోత్రం! మా ఆయనకు అన్య భాష వచ్చింది!”

గది దద్దరిల్లింది. సామ్యేలు కళ్లు తెరిచేసరికి గ్రేసీ చెంపల మీద కన్నీళ్లున్నాయి. పాస్టర్ బ్లెస్సన్ వచ్చి అతని తల మీద చెయ్యి పెట్టాడు. ఆత్మ దిగినవాళ్లు తమకే తెలియని భాషలో మాట్లాడతారని ఆ సంఘం నమ్మకం. భర్తకు ఆ వరం రావాలని గ్రేసీ పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన ఉపవాసాలు ఇంకా మానలేదు.

సామ్యేలు చేతులు దించాడు. అతను పాడింది ఇటలీ భాషలో. పాడింది ఒపేరా.

అతను పనిచేసిన ఫ్యాక్టరీలో యంత్రం బిగించడానికి వచ్చిన ఇటలీ ఇంజనీరు వదిలి వెళ్లిన క్యాసెట్టుతో మొదలైంది అది. కథంతా పాటల్లోనే నడిచే నాటకం. ఒక్క ముక్కా అర్థం కాలేదు. కానీ తను ఎవరి ముందూ ఏడవలేని ఏడుపును ఎవరో తన బదులు ఏడుస్తున్నట్టు అనిపించింది. ఇప్పుడు ఫోన్లో ఒకే నాటకాన్ని ఎన్ని దేశాలవాళ్లు ఆడితే అన్ని రకాలుగా చూస్తాడు. ఇల్లు వదిలిపోయిన కూతురి కోసం రేవులో ఎదురుచూసే తండ్రి కథంటే ప్రాణం. ఒకచోట రంగస్థలం మీద నిజం నీళ్లే నింపారు. అది అతనికి నచ్చలేదు. ఇంకోచోట ఒట్టి కుర్చీ ఒక్కటే వేశారు. ఆ కుర్చీలో కూర్చున్న బల్గేరియా ముసలాయన గొంతు విప్పితే చాలు, సముద్రం కనిపించేది. ఆయన్ని వెతికి పట్టుకున్నది తనే. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలని మనసు కొట్టుకునేది.

ఎవరికి చెబుతాడు? సంఘం దృష్టిలో అవి లోకపు పాటలు. సినిమా పాట కూనిరాగం తీశాడని కీబోర్డు వాయించే అతన్నే ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారానికి, దూరంగా పెట్టారు.

ఇంట్లో అతను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే గ్రేసీ అడిగేది.

“ఏం వింటున్నవ్?”

“వాక్యం.”

“అయ్యగారు ఏం జెప్పిన్రు?”

“తప్పిపోయిన బిడ్డ కోసం ఒక తండ్రి ఎదురుసూసిండంట.”

“స్తోత్రం,” అనేది గ్రేసీ, ఉల్లిగడ్డలు తరుగుతూ. రాత్రి అతను పడుకున్నాక ఆ ఫోన్ చార్జింగుకు పెట్టేదీ ఆమే.

గొంతెత్తి పాడుకోగలిగిన చోటు అతనికి ఒక్క ఉపవాస ప్రార్థనే. అక్కడ అందరూ ఒకేసారి గట్టిగా మొర పెట్టుకుంటారు. ఆ హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఈ శనివారం మధ్యాహ్నం పాస్టర్ ‘ఆమేన్’ అన్నది అతనికి వినపడలేదు, అంతే.

“అదృష్టం నీది బావా,” బుచ్చిరాములు పక్కకు జరిగాడు. “నేను కడుపు మాడ్చుకునుడే గానీ నాకు దగ్గు తప్ప ఏం రాలే. కానీ మస్తు రాగంగ వచ్చింది నీకు. నా ఫోన్ల రికార్డు జేసిన. సంఘం గ్రూపుల పెడ్త.”

సామ్యేలు ఫోన్ కోసం చెయ్యి చాచాడు. ఆ గ్రూపులో చదువుకున్న పిల్లలున్నారు. పాట వినిపిస్తే అదేదో చిటికెలో చెప్పే ఫోన్లున్నాయి వాళ్ల దగ్గర.

“ఏదీ, ఇటియ్యి అన్నా,” గ్రేసీ ఫోన్ లాక్కుని నొక్కేసింది. “దేవుని సన్నిధిల ఏడ్సినదాన్ని తమాషా జేస్తవా?”

“అరే, తీసేసినవా చెల్లె!”

“తీసేసిన.”

పాస్టర్ నవ్వాడు. “పోనీలెండి. సామ్యేలన్నా, రేపు ఆరాధనల నిలబడి సాక్ష్యం చెప్పాలె.”

సామ్యేలు గ్రేసీ వైపు చూశాడు. వేదిక ఎక్కి అబద్ధం చెప్పలేడు. నిజం చెబితే బల్ల పోతుంది. అంతకంటే, గ్రేసీ మొహంలో ఆ వెలుగు పోతుంది.

“వద్దు అయ్యగారూ,” గ్రేసీయే అంది. “అర్థం జెప్పెటోళ్లు లేకుంటే అన్య భాష సంగతి సభల ఎత్తొద్దని మీరే కట్టడి పెట్టిన్రు గద. మాకు అర్థం జెప్పెటోళ్లు ఎవరున్నరు?”

పాస్టర్ ఆలోచించాడు. “అదీ నిజమేనమ్మా. వ్యక్తిగత వరం. ఇంట్లనే ఉంచుకోండ్రి.”

సామ్యేలు చెప్పులు వెతుక్కున్నాడు.

ఉప్పల్ ఆటో ఎక్కాక గాలి మొహానికి తగిలి ప్రాణం లేచి వచ్చింది. గండం గడిచింది. అయినా ఊరట పూర్తిగా కలగలేదు. పక్కన కూర్చున్న మనిషి ఏళ్లపాటు అడిగి అడిగి పొందాననుకుంటున్నది ఉత్త పాట. ఆ సంతోషాన్ని దొంగసొత్తులా ఎంతకాలం మోస్తాడు? మెట్రో స్తంభాలు ఒక్కొక్కటీ వెనక్కి పోతుంటే, భయం కంటే సిగ్గే బరువుగా ఉందని అతనికి తెలిసింది.

“గ్రేసీ.”

“ఊ.”

“అది అన్య భాష గాదు. నన్ను మన్నించు. పాట. లోకపు పాట.”

గ్రేసీ దుమ్ముకు అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది. కోపం వస్తుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఆమె అతని వైపు తిరిగి, ఆటోవాడికి వినపడకుండా దగ్గరికి జరిగింది.

“ఆ బల్గేరియా ముసలాయన రెండో చరణం గంత తొందరగ పాడడు.”