కొలతల పుస్తకం

"చెయ్యెత్తు తల్లీ" అంది టైలరమ్మ, మెళ్లోంచి టేపు తీస్తూ.

"చిరుగు కుట్టడానికి కొలతలెందుకండీ?"

"నా పద్ధతి అంతే. ఎలా చిరిగింది?"

"మేకుకు తగిలి."

"పోయిన నెలా మేకే. మీ ఇంట్లో మేకులకు కాళ్ళొచ్చాయా ఏంటి?"

ఆమె నవ్వలేదు. చెయ్యెత్తింది.

నొక్కుకోకుండా టేపు కింద తన వేలుంచి, టైలరమ్మ జబ్బ కొలిచింది. కళ్ళజోడు సర్దుకుని పుస్తకంలో తేదీ వేసి, చాలాసేపు ఏదో రాసుకుంది.

రెండేళ్ళు ఇదే తంతు. జేబు ఊడినా కొలతలే, గుండీ తెగినా కొలతలే.

"ముసలమ్మకు చాదస్తం ముదిరింది" అని భర్త నవ్వేవాడు. ఆమె గడప దాటడానికి అతడు ఒప్పుకునేది వీధి చివరి ఆ ఒక్క కొట్టుకే.

ఒకనాడు ఆమె మెడకు గుడ్డ చుట్టుకుని వచ్చింది.

"ఆ గుడ్డ తియ్యమ్మా. మెడ కొలవాలి."

"గుండీ కుట్టడానికి మెడతో ఏం పని? నన్నొదిలెయ్యండి! ఊళ్ళో మీరొక్కరే టైలరా?"

బట్ట లాక్కుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మెట్టెక్కలేదు.

ఏడాదికి ఆమె ఆ ఇల్లు విడిచింది. విడాకుల విచారణలో భర్త తరఫు వకీలు లేచాడు.

"కొట్టాడంటున్నారు. ఏ రోజు? ఎక్కడ? చూసినవాళ్ళెవరు?"

తన్నులు తినేవాళ్ళే తేదీలు కూడా రాసిపెట్టుకోవాలని చట్టం కోరుతుంది. ఆమె దగ్గర ఒక్క తేదీ లేదు.

విచారణ వాయిదా పడింది.

ఆ సాయంత్రం టైలరమ్మ కోడలు ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

"మా అత్తయ్య పోయి మూణ్ణెల్లయిందండీ. ఇది మీకే ఇమ్మంది, మీరెక్కడున్నారో తెలియలేదు. కేసు సంగతి ఇవాళే విన్నాను, పరిగెత్తుకొచ్చాను."

అదే పుస్తకం. ప్రతి పేజీ ఆమెదే. వకీలు అడిగిన తేదీలన్నీ వరసగా ఉన్నాయి.

"కుడి జబ్బ పదకొండున్నర అంగుళాలు. పోయిన నెల పది. వాపు."

"ఎడమ భుజం కింద నాలుగు వేళ్ళ గుర్తులు. నీలం. మేకు అంది."

"మెడ వెనక బెల్టు వాత, మూడంగుళాలు. మేకు అంది."

"కొత్త దెబ్బ లేదు. ఒకసారి నవ్వింది."

చివరి తేదీ కింద అక్షరాలు వంకరపోయాయి: "మెడ చూపించలేదు, నా మీద కోప్పడి వెళ్ళింది, వస్తుంది, పక్క పేజీ ఖాళీగా ఉంచాను."