బుల్లయ్య చెప్పని జబ్బు

“జబ్బు పేరు చెప్పండి పెద్దాయనా! మీకు పుణ్యముంటుంది.”

నజ్మీన్ గొంతు తగ్గించి బతిమాలింది. మంచం మీది బుల్లయ్య ఆమె ఇచ్చిన బిర్యానీ పొట్లాన్ని వెనక్కి తోసేశాడు.

“మెళ్లో ఆ గొట్టం దేనికమ్మాయ్? సోకుకా?”

ఎంబీబీఎస్ ఆఖరి ఏడాది ప్రాక్టికల్స్ అవి. లాంగ్ కేస్ అని ప్రతి విద్యార్థికీ ఒక రోగిని అప్పగిస్తారు. ప్రశ్నలడిగి, నాడి పట్టి, గుండె విని, జబ్బేమిటో ఎగ్జామినర్‌కి చెప్పాలి.

అందుకోసం ఆ కాలేజీ వాళ్లు పాత రోగులకే కబురు పెట్టి పిలిపిస్తారు. వాళ్లకి తమ జబ్బు పేరు ఇంగ్లీషులో కంఠతా వచ్చు. ఓ బిర్యానీ పొట్లం చేతిలో పెడితే చెవిలో ఊదేస్తారు. ఏళ్ల తరబడి ఇదే ఆచారం. ఇది తప్పని ఎవరికీ తోచలేదు. తోచినవాళ్లు నోరు మెదపలేదు.

పక్క మంచం మీదాయన అప్పుడే ఊదేశాడు. అక్కడ క్లాస్‌మేట్ త్రినాథ్ హాయిగా రాసుకుంటున్నాడు.

నజ్మీన్‌కి ఏడుపొచ్చింది. అటెండెన్సు సరిపోయింది. లాగ్‌బుక్కు నిండా సంతకాలున్నాయి. కాలేజీ దత్తత తీసుకున్న పల్లెలో ఇంటింటికీ తిరగడమూ అయింది. ఈ గండం ఒక్కటి దాటితే హౌస్ సర్జన్. తప్పితే ఆరు నెలలు ఇంట్లో కూర్చోవాలి.

“మా నాన్న పర్చూరులో సైకిళ్లు బాగుచేస్తాడండీ. మా ఇంట్లో మొదటి డాక్టర్ని నేనే.”

“అయితే అస్సలు చెప్పను.”

“చెబితే మీకేం పోతుందండీ?”

“పోవడానికి నాకింకేం మిగిలిందిలే! టైమవుతోంది. వినేదేదో విను.”

విన్నది. ఆ కంగారులో ఏం వినపడుతుంది? తన గుండె చప్పుడే వినపడింది.

ఎగ్జామినర్ వచ్చాడు.

“పేషెంటుని ముందుకు వంగి కూర్చోమన్నావా? ఊపిరి వదిలి బిగబట్టమని, అప్పుడు విన్నావా?”

“లేదు సార్.”

“మరింకేం విన్నావు? ఈయన గుండె కవాటం లీకవుతోంది. అలా వింటేనే తెలుస్తుంది.”

అంతే. పరీక్ష పోయింది.

“నా ఆరు నెలలు మింగేశారు కదండీ!” వెళ్తూ వెళ్తూ బుల్లయ్య మీద విరుచుకుపడింది నజ్మీన్.

“మళ్లీ రా. నేనూ వస్తా. అప్పుడూ చెప్పను.”

మిరప చేలల్లో ఎండి నల్లబడిన మొహం. అందులో జాలన్నది లేదు. ముసలాడికి ఎంత పొగరు!

ఆ పొగరే ఆమెకీ అంటుకుంది. ఆయన చెప్పకపోతే నాకు రాదా, చూస్తానంది. పుస్తకాలు ఇంట్లో పడేసి రోజూ వార్డుకి వచ్చింది. కనిపించిన ప్రతి రోగినీ ముందుకు వంచి కూర్చోబెట్టింది.

“ఊపిరి వదలండి. బిగబట్టండి.”

సిస్టర్లు నవ్వారు. త్రినాథ్ అప్పటికే తెల్లకోటు వేసుకుని హౌస్ సర్జన్‌గా తిరుగుతున్నాడు.

“ఎందుకే ఈ తిప్పలు? ఈసారి ముందే కనుక్కుని చెబుతాలే,” అన్నాడు.

“నీ పని నువ్వు చూసుకో,” అంది.

మొదట్లో ఏమీ తెలియలేదు. ఒకరోజు పత్తి తీసే కూలీ ఒకామెను వంచి కూర్చోబెట్టి వింటుంటే తెలిసింది. లబ్ డబ్ అయ్యాక, పంచరైన ట్యూబులోంచి గాలి జారినట్టు సన్నటి చప్పుడు.

నజ్మీన్ ఎగిరి గంతేసినంత పని చేసింది. బుల్లయ్యను అదే పనిగా తిట్టుకుంటూ మళ్లీ మళ్లీ విన్నది.

సప్లిమెంటరీ రోజున వార్డంతా వెతికింది. బుల్లయ్య లేడు. వేరే రోగిని ఇచ్చారు.

“అమ్మా, నా జబ్బు పేరూ...” అంటూ ఆయన చెయ్యి ఊపి పిలిచాడు.

“చెప్పారంటే ఊరుకోను!” అంది నజ్మీన్.

తనే విన్నది. తనే చెప్పింది. పాసయింది.

ఫలితాలు వచ్చిన రోజు బిర్యానీ పొట్లం పట్టుకుని వార్డు ఆయా హనుమాయమ్మ దగ్గరికి పరుగెత్తింది.

“ఆ బుల్లయ్య ఎక్కడుంటాడు? ఆయన సాయం లేకుండానే పాసయ్యానని మొహమ్మీదే చెప్పాలి.”

“ఇంకెక్కడి బుల్లయ్యమ్మా! పోయినసారి మీ పరీక్షలయ్యాక, మిరప కోతలప్పుడే పోయాడు.”

నజ్మీన్ అక్కడే బల్ల మీద కూలబడింది. ఇన్నాళ్లు దాచుకున్న కోపాన్ని ఎవరికివ్వాలో తెలియలేదు. కళ్లు మాత్రం నిండిపోయాయి.

“అంత మొండితనమేంటమ్మా ఆయనకి? ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదా?”

“ఎందుకు చెప్పలేదూ! మొదట్లో అందరికంటే ముందు ఆయనే చెప్పేవాడు, పొట్లం కూడా తీసుకునేవాడు కాదు. తర్వాత మానేశాడు. చెప్పనివాణ్ని పిలవడం కాలేజీ వాళ్లూ మానేశారు. అయినా ఆయాసపడుతూ బస్సెక్కి వచ్చి, ఇంకెవరూ పడుకోకముందే ఆ మంచమ్మీద పడుకునేవాడు.”

“మరెందుకు మానేశాడు?”

హనుమాయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఈయన చెవిలో చెబితే పాసైన కుర్రాడే వాళ్లూరికి డాక్టరుగా వచ్చాడు తల్లీ; ఊపిరాడక వెళ్లిన ఈయన భార్యకి చీర మీదే గొట్టం ఆనించి, గ్యాసేలెమ్మని పంపేస్తే, ఆవిడ ఇంటికి చేరలేదు.”