మొదటి తూటా

“ఇది కూడా వద్దు ఉస్తాద్” అంటూ మర్జాన్ కాకా తుపాకీని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

పొద్దుట్నుంచి ఇది మూడోది.

కొట్టు యజమాని నూర్‌బాజ్ కొలిమి పక్కన కూలబడ్డాడు. నలభై ఏళ్లు ఇనుప రజను పీల్చిన రొమ్ము. మాట కన్నా ముందు దగ్గు వస్తుంది.

“ఏమైంది దీనికి?”

“గొట్టం లోపల సన్నటి చీలిక. కంటికి కనపడదు. మోతలో వినపడింది.”

ఆకురాయితో గొట్టం అరగదీస్తున్న పనివాడు తోర్‌గుల్ తలెత్తకుండానే అన్నాడు. “సొంతానికి పిట్టల్ని కొట్టే తుపాకీ కూడా లేదు. మన తుపాకులకు మాత్రం వంకలు పెడతాడు.”

పనివాళ్లంతా నవ్వారు. మర్జాన్ కాకా కూడా నవ్వాడు.

కొట్టుకొట్టులో తుపాకులు తయారయ్యే దర్రా బజారు మొత్తంలో భుజాన తుపాకీ లేని మగవాడు అతనొక్కడే. పెళ్లికి వెళ్లినా, జిర్గా పంచాయితీలో పెద్దల మధ్య కూర్చున్నా, ఉత్త చేతులే. అలాంటివాడికి అక్కడ కావా టీ పోస్తారు గానీ, మాటకు విలువ ఇవ్వరు.

తొమ్మిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, ఒళ్లంతా దుమ్ముతో వచ్చి కొట్టు గుమ్మంలో నిలబడ్డాడు.

“నీ తుపాకులకు మొదటి తూటా ఎవరు పేలుస్తారు?” అని అడిగాడు.

“ఎవరికి తీరికుంటే వాళ్లు. ఒక్కోసారి ఎవరూ పేల్చరు” అన్నాడు నూర్‌బాజ్.

“ఇక నేను పేలుస్తాను. రెండు పూటలా రొట్టె పెడితే చాలు.”

పైసా ఖర్చు లేకుండా కాల్చుకునే సరదా కాబోలు అనుకుని నూర్‌బాజ్ సరేనన్నాడు.

సరదా ఏమీ కనపడలేదు. కొట్టు వెనక కొండవాలుకి ఒక్కడే వెళ్లేవాడు. తుపాకీని బండకు కట్టి, దూరంగా నిలబడి మీటకు కట్టిన తాడు లాగేవాడు. అది పగలకుండా నిలిస్తే, విప్పి భుజానికి ఆనించుకుని, చెంప పెట్టి మరోటి పేల్చేవాడు.

“తాడుతో కాల్చావుగా కాకా. మళ్లీ చేత్తో ఎందుకు?”

“కొన్నవాడు తాడు కట్టి కాల్చడు కదా ఉస్తాద్.”

ఆ తొమ్మిదేళ్లలో ఒక చెవి వినపడకుండా పోయింది. కుడి చెంప మాడిన రొట్టెలా నల్లబడింది.

“మళ్లీ అడుగుతున్నా. ఈ ఇనుము ఎక్కడిది?” అన్నాడు మర్జాన్ కాకా, బల్ల మీది తుపాకీని చూపిస్తూ.

“పాత లారీ ఇరుసులు.” నూర్‌బాజ్ దగ్గు ఆపుకున్నాడు. “మంచి ఇనుము ఎక్కడుంది కాకా? సగం బజారు చెప్పుల కొట్లయిపోయింది. నన్నూ చెప్పులు అమ్ముకోమంటావా?”

“చెప్పు తెగితే మనిషి చావడు.”

“ఇక చాలు!” నూర్‌బాజ్ లేచాడు. “సాయంత్రానికి బన్నూ ఊరి నుంచి వ్యాపారి వస్తాడు. ఇరవై తుపాకులు ఇవ్వాలి. బండా తాడూ అంటూ కూర్చోకు. చేత్తోనే పేల్చి పంపు. ఇష్టం లేదంటే మానెయ్, ఎవరూ పేల్చకుండానే అమ్ముతాను.”

మర్జాన్ కాకా తాడు చుట్ట తీసి బల్ల మీద పెట్టేశాడు.

“వద్దులే. నేనే పేలుస్తా” అని, ఒక మోపు తుపాకుల్ని చంకన పెట్టుకుని కొండవాలుకి నడిచాడు.

లోపల అందరూ పనిలో పడ్డారు. ఒక మోత. కాసేపటికి ఇంకొకటి. ఎవరూ లెక్కపెట్టలేదు.

ఉన్నట్టుండి ఒక మోత వేరుగా వినపడింది.

తోర్‌గుల్ ఆకురాయి పారేసి పరుగెత్తాడు. నూర్‌బాజ్ వెళ్లేసరికి మర్జాన్ కాకా తల తోర్‌గుల్ ఒళ్లో ఉంది. గొట్టం రెండుగా చీలి రాళ్లలో పడుంది. ప్రాణం అప్పటికే పోయింది.

సాయంత్రం బన్నూ వ్యాపారిని నూర్‌బాజ్ ఉత్త చేతులతో తిప్పి పంపాడు. మిగిలిన తుపాకుల్ని తోర్‌గుల్ ఒక్కొక్కటే సమ్మెటతో విరగ్గొట్టాడు. ఎవరూ ఆపలేదు.

ముసలాయన ఊరి పేరొక్కటే తెలుసు. లారీ డ్రైవరుతో కబురు పంపారు.

మర్నాడు పొద్దున్నే ఆయన భార్య ఇద్దరు బంధువులతో వచ్చింది. నులక మంచం పక్కన నేల మీద కూర్చుని, దుప్పటి తీసి ఒకసారి చూసుకుని, మళ్లీ కప్పింది. ఏడవలేదు.

నూర్‌బాజ్ తలపాగా తీసి ఆమె ముందు పెట్టాడు.

“తప్పు నాది అమ్మా. తాడు వద్దన్నది నేనే.”

ఆమె దుప్పటి అంచు సర్దింది.

“తొమ్మిదేళ్లు నాతో కలిసి తిన్నాడు. ఇంటి మాట ఒక్కటీ చెప్పలేదు. పిల్లలున్నారా?”

“ఒక్కడుండేవాడు. వాడికి మగపిల్లాడు పుట్టిన రోజు సంబరంగా ఆకాశంలోకి కాల్చాడు. తుపాకీ చేతిలోనే పగిలింది.”

అడగకూడదని నూర్‌బాజ్‌కు తెలుసు. నోరు ఆగలేదు.

“ఎక్కడ కొన్నది అమ్మా?”

“నీ కొట్లోనే, నాయనా.”

ఆమె ఆపకుండా చెప్పుకుపోయింది.

“వాణ్ని పూడ్చిన నాలుగోనాడు ఈయన ఇంట్లో ఉన్న తుపాకీ తీసుకుని నిన్ను చంపడానికే బయల్దేరాడు. దారికి రొట్టెలు నేనే మూటగట్టి ఇచ్చాను.”

ఆమె ముసుగు సర్దుకుంది. గొంతులో కోపం లేదు. ఎన్నో మైళ్లు నడిచొచ్చిన అలసట ఉంది.

“వారం తర్వాత ఆ తుపాకీ ఒక్కటే ఇంటికి తిరిగొచ్చింది, దాంతోపాటు ‘ఇతన్ని చంపితే ఇంకొకడొచ్చి ఇదే ఇనుము సాగదీస్తాడు, ఇకమీద ఈ కొట్టు తుపాకీ పగిలితే ఏ తండ్రి కొడుకు చేతిలోనో కాదు, నా చేతిలోనే పగలాలి’ అని ఆయన కబురూ వచ్చింది.”